ఘానాలో ఎన్ని జాతులు, ఎన్ని మతాలు? వాటి మధ్య గొడవలు ఉంటాయా?

ఘానాలోని టేమా రేవులో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. లెక్కలే కావాలంటే 2021 జనగణన ఉంది: జనాభా 3.08 కోట్లు, అందులో అకాన్లు 46 శాతం దాకా, తర్వాత మోలే-దగ్బానీ, ఎవే, గా-దంగ్మే వర్గాలు. క్రైస్తవులు 71 శాతం, ముస్లింలు 20. ఆఫీసుల్లో ఇంగ్లీషు, బజార్లో ఎక్కువగా అకాన్ల భాష ట్వీ. కానీ ఈ అంకెలు చూసి ఎవరికి ఎవరితో పడదో ఊహించుకుంటే అక్కడి సంగతి ఏమీ అర్థం కాదు.

అకాన్లలో మతం కంటే తల్లి వైపు వంశానిదే పైచేయి. అబుసువా అంటారు. వీలునామా రాయకుండా పోతే ఆస్తి మేనల్లుడికి వెళ్లేది. భార్యాపిల్లలకు పెద్ద వాటా ఇస్తూ 1985లో చట్టం వచ్చింది.

మా స్టోర్‌కీపర్ మేనమామ పోతే అకాన్ల నగరం కుమాసీ వెళ్లాను. ఎరుపు, నలుపు బట్టల్లో జనం, టెంట్లు, చెవులు చిల్లులు పడే స్పీకర్లు. పోయినాయన మెథడిస్టు. చర్చి ప్రార్థన అయ్యాక వంశపెద్ద ఒకాయన గ్లాసులో జిన్ పోసుకుని, పూర్వీకుల్ని పేరుపేరునా పిలుస్తూ కొంచెం కొంచెంగా నేల మీద వంపాడు. పెంతెకొస్తు పాస్టరైన మేనల్లుడు ఆ కాసేపూ టెంటు బయట నిలబడి, అవగానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. చదివింపుల బల్ల దగ్గర తెల్ల టోపీతో రసీదులు రాస్తున్నది ఇస్లాంలోకి మారిన ఇంకో మేనల్లుడు. నేనిచ్చిన డబ్బునూ మైకులో చదివించి, రసీదు చేతిలో పెట్టాడు.

గొడవలు లేవని కాదు. 1994లో ఉత్తరాన కొంకోంబాలకు, నానుంబా, దగోంబాలకు మధ్య ఘోరంగా రక్తం పారింది. ఉత్తరాన్నే ఉన్న బావ్కు ఊళ్లో కుసాసీ, మాంప్రుసీ జాతుల తగవు ఏళ్ల తరబడి నడుస్తోంది. అవి భూమి కోసం, ఊరి గద్దె కోసం జరిగే పోట్లాటలు. మతకలహాలని ఎవరైనా రాస్తే నమ్మకండి.

నాకు మండేది మనవాళ్ల మీద. అక్రాలో ఏళ్లకేళ్లు ఉంటారు, ఇంటి వాచ్‌మన్ ఎవేనో దగోంబానో కూడా తెలీదు, అందరినీ కలిపి "నల్లోళ్లు" అంటారు. మీరు వెళ్తుంటే ముందు ట్వీ నేర్చుకోండి. ఉత్తరాది పనివాళ్లతో మసలాలంటే నాలుగు ముక్కలు హౌసా కూడా.