ఫొటోపై మౌస్‌తో గీసిన గీత, విండో మినిమైజ్ చేసి తెరిస్తే ఎందుకు పోతుంది?

ఆ గీత స్క్రీన్ మీద పడిందే తప్ప ప్రోగ్రామ్ దాన్ని ఎక్కడా దాచలేదు, అందుకే పోతోంది. విండోస్ ఫారమ్స్‌లో (విండోస్ ప్రోగ్రాములు రాసే డాట్‌నెట్ సాధనం) క్రియేట్‌గ్రాఫిక్స్ అనే మెథడ్‌తో నేరుగా గీసినవి అప్పటికి కనబడే పిక్సెల్స్ మాత్రమే. విండో మళ్లీ కనబడాల్సి వచ్చినప్పుడు పెయింట్ ఈవెంట్ (విండోను మళ్లీ గీయమని ప్రోగ్రామ్‌కు వచ్చే సంకేతం) నడుస్తుంది. అప్పుడు ఫొటోను చూపించే పిక్చర్‌బాక్స్ తన దగ్గరున్న ఫొటోనే వేస్తుంది.

హైదరాబాద్ మ్యాప్ మీద చార్మినార్ నుంచి గోల్కొండకు దారి గీస్తున్నారనుకోండి. మౌస్ కదిలినప్పుడల్లా వచ్చే పాయింటును లిస్టులో చేర్చి, మళ్లీ గీయమని చెప్పే ఇన్వాలిడేట్ మెథడ్‌ను పిలవండి. పెయింట్ ఈవెంట్‌లో ఆ పాయింట్లను వరుసగా గీతలతో కలపండి (విడి చుక్కలు పెడితే, చెయ్యి వేగంగా కదిలిన చోట ఖాళీలొస్తాయి). పాయింట్లు లిస్టులో ఉంటాయి కాబట్టి అన్‌డూ కూడా సులువవుతుంది. ఫైల్‌గా సేవ్ చేయాలంటే మాత్రం అవే గీతలను బిట్‌మ్యాప్ (మెమరీలో ఉండే బొమ్మ) మీద గీయాలి.

రిఫ్రెష్ మెథడ్‌ను పిలిస్తే పోయిన గీత తిరిగొస్తుందని చాలామంది అనుకుంటారు. అది మళ్లీ పెయింట్ చేయిస్తుంది కాబట్టి, క్రియేట్‌గ్రాఫిక్స్‌తో గీసి ఉన్న గీత కూడా చెరిగిపోతుంది.