రిలీవర్ ఆలస్యమైనా ట్రెక్ పోకుండా ఉండాలంటే

తమ్ముడూ, ఒమన్‌లో దుక్మ్ దగ్గర సైటు, 4 వారాల సెలవు, పోయినేడు రిలీవర్ (నీ బదులు డ్యూటీకొచ్చేవాడు) టైముకి దిగక ట్రెక్ డబ్బులు మునిగాయి, ఈసారి ఉత్తరాఖండ్ పూలలోయకి ఎప్పుడు బుక్ చేయాలి అని కదా అడిగావు.

సెలవు మొదటి వారంలో ఏదీ బుక్ చెయ్యకు. ముందు ఇంటికెళ్లి పప్పుచారు తిని పడుకో. నైట్ షిఫ్టులు చేసిన ఒళ్లు దారికి రావాలిగా. రెండో వారం చివర్లో బయల్దేరు. రిలీవర్ 5 రోజులు లేటైనా అమ్మ దగ్గరుండే రోజులే తగ్గుతాయి (ఆవిడ ఊరుకోదు, అది వేరే సంగతి).

లోయ జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచుంటుంది. పూలు విరగబూసేది జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు. ఆ రోజుల్లోనే వానలు, కొండచరియలు, రోడ్డు బంద్. నన్నడిగితే ఆగస్టు చివర వెళ్లు, అప్పుడైనా 2 రోజులు చేతిలో ఉంచుకో. లోపల గుడారం వేయనివ్వరు, సాయంత్రానికి కింద ఉన్న ఘాంగరియా ఊరికి దిగాల్సిందే. అదే 3,000 మీటర్ల పైన. నువ్వుండేది సముద్రం ఒడ్డున. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడేలా దారిలో జోషిమఠ్‌ ఊళ్లో ఒక రాత్రి ఆగు.

సైటు సేఫ్టీ షూ మాత్రం తేకు. నేను తెచ్చాను. దిగుడులో ముందున్న ఇనుప తొడుగు గుద్దుకుని బొటనవేలి గోరు నల్లబడి ఊడింది. మంచి షూ ఇప్పుడే కొని, ఎండెక్కకముందే క్యాంపు చుట్టూ ఇసుకలో రోజూ గంట నడువు.