ఇటలీలో ఈస్టర్ పండక్కి సంప్రదాయంగా ఏం తింటారు?

ఊరిని బట్టి మారుతుంది. రోమ్‌లో లేత గొర్రెపిల్ల మాంసం, అబ్బాక్యో అంటారు. జెనోవా వైపు ఆకుకూర, జున్ను, గుడ్లు లోపల పెట్టి కాల్చే తోర్తా పస్క్వలీనా. యేసు బతికిన ఏళ్లకు గుర్తుగా దానికి 33 పొరలు వేయాలని పాత లెక్క. నేపుల్స్‌లో అయితే పస్తియేరా, గోధుమలూ జున్నూ నింపి కాల్చే తీపి వంటకం. నేను ఉన్నది నేపుల్స్‌లో, కాబట్టి దాని గురించే చెబుతాను.

చదువు కోసం వెళ్లి రెండేళ్లు అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. 2017లో ఈస్టర్ ఏప్రిల్ 16న వచ్చింది. మట్టలాదివారం, అంటే పండక్కి వారం ముందు, సాయంత్రం ఆవిడ గిన్నెడు గోధుమలు నానబోసి, మోకాళ్ల నొప్పులని రోజూ నీళ్లు మార్చే పని నాకు అప్పజెప్పారు. ఉడికించిన గోధుమలు గాజు సీసాల్లో ప్రతి కొట్లోనూ దొరుకుతాయి. ఆవిడ వాటిని ఇంట్లోకి రానిచ్చేవారు కాదు.

గురువారం పొద్దున ఆ గోధుమల్ని పాలల్లో నిమ్మతొక్క వేసి సన్నటి మంట మీద పెట్టారు. అచ్చం మా అమ్మ కాచే గోధుమ పాయసం వాసన! గుంటూరు పక్క పల్లెటూరి వాణ్ణి, ఆ వంటింట్లో నిలబడి ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. తర్వాత గొర్రె పాల రికోట్టాను, అంటే మెత్తటి జున్నును, జల్లెడ మీద గరిటెతో రుద్ది, చక్కెర, గుడ్లు, దబ్బతొక్క మురబ్బా కలిపారు. చివర చిన్న సీసా మూత తీశారు. నారింజ పూల నీళ్లు. ఒక్క చెంచా పడగానే ఇల్లంతా తోటలా అయిపోయింది. పంది కొవ్వుతో కలిపిన పిండిని అంచులు వాలుగా ఉండే అల్యూమినియం పళ్లెంలో పరిచి, మిశ్రమం పోసి, పైన పిండి పట్టీలు అడ్డంగా, ఏటవాలుగా వేశారు. నేను ఎనిమిదోది అందిస్తే నా చెయ్యి పక్కకు తోసి, "ఏడు, నాయనా. ఏడే" అన్నారు.

ఓవెన్‌లోంచి తీశాక అడిగాను, ఒక ముక్క రుచి చూడొచ్చా అని. "ఆదివారం" అన్నారు, అంతే. మూడు రోజులు వంటింటి బల్ల మీద గుడ్డ కప్పి ఉంచారు. ఆదివారం తిన్నప్పుడు అర్థమైంది: గోధుమ, జున్ను, పూల వాసన వేరువేరుగా లేవు, ఒకటైపోయాయి. వేడిగా తిన్న పస్తియేరా పస్తియేరానే కాదని నా నమ్మకం. భూమిలో పడి చచ్చాకే ఫలించే గోధుమగింజ గురించి యేసు చెప్పిన మాట మా ఊరి గుడిలో ఎన్నోసార్లు విన్నాను. ఆ పండక్కి గోధుమే ఎందుకని నాకెవరూ వేరే చెప్పక్కర్లేదు.

మా ఊళ్లో ఈస్టర్ అంటే తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, ఇంటికొచ్చి మటన్ వండుకోవడం. అక్కడా పండగ బల్ల మీద మాంసం ఉంటుంది, కాసతియెల్లో ఉంటుంది. అది మిరియాలు, పంది కొవ్వు, సలామీ అనే ఎండబెట్టిన మాంసం ముక్కలు వేసి చేసే గుండ్రటి రొట్టె. పైన పెంకుతోనే గుడ్లు గుచ్చి, వాటి మీద పిండితో సిలువలు వేస్తారు. మర్నాడు సోమవారం పస్క్వెత్తా, మిగిలినవన్నీ కట్టుకుని ఊరి బయటకు పిక్నిక్ వెళతారు.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఇటలీ ఈస్టర్ అనగానే మన యూట్యూబ్ వీడియోలన్నీ పావురం ఆకారంలో ఉండే కొలోంబా కేక్ డబ్బానే చూపిస్తాయి. అది 1930ల్లో మిలాన్‌లో ఒక కంపెనీ, క్రిస్మస్‌కి చేసే పనెత్తోనే కేక్ పిండినే మళ్లీ వాడుకుంటూ మార్కెట్లోకి తెచ్చిన సరుకు. తినడానికి బాగానే ఉంటుంది. కానీ రోజూ గోధుమల నీళ్లు మార్చిన చేతులకి దాన్నీ పస్తియేరానీ ఒకే వరుసలో పెడితే మనసొప్పదు. పస్తియేరాలో వెనిల్లా ఎసెన్స్ పోసే వీడియోలు ఇంకా ఘోరం.

ఇక్కడ చేసుకోవాలంటే పొట్టు తీసిన గోధుమలు తీసుకోండి. పాలు విరగ్గొట్టి వార్చిన మెత్తటి విరుగుడు రికోట్టాకి దగ్గరగా ఉంటుంది, పంది కొవ్వు వద్దనుకుంటే వెన్న వాడండి. నారింజ పూల నీళ్లు మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకోండి. గురువారమే చేయాలి. మన ఏప్రిల్ ఎండలకు బయట ఉంచితే పాడవుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం తినడానికి గంట ముందు బయటకు తీయండి.