పాఠకుల ప్రశ్నలు: నెట్ లేని సర్వర్‌లో దొరకని ప్యాకేజీలు

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడికి దగ్గరి పల్లె. ఊరి గ్రంథాలయం పక్క గదిలో పద్నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. అన్నింటిలోనూ ఉబుంటు 22.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. ఇక్కడ నెట్ నిలకడగా ఉండదు కనుక, నెలకొకసారి టెక్కలిలో మా బావమరిది ఇంటికి వెళ్లి ఉబుంటు భాండాగారానికి నకలు తీసే ఆప్ట్-మిర్రర్‌తో హార్డ్ డిస్క్‌లోకి ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) దింపుకొని, బస్సులో తెచ్చి మా సర్వర్‌కు తగిలిస్తాను. అయినా వీడియోలు చూపే వీఎల్‌సీ అడిగితే అలాంటి ప్యాకేజీయే లేదంటుంది. మరికొన్నింటికి 404 వస్తుంది. ఫైర్‌ఫాక్స్ సగంలో ఆగిపోతుంది. సవర పిల్లల కోసం వారి లిపి సోరా సొంపెంగ్ ఫాంట్ వెతికితే ఆ పేరుతో ఏదీ కనబడలేదు. డిస్క్ మొత్తం తుడిచి మళ్లీ దింపమంటారా?
— ఒక పాఠకుడు

జవాబు: డిస్క్ తుడవకండి. మీరు చెప్పిన నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు, వాటిలో ఏ ఒక్కదానికీ డిస్క్ తుడవడం మందు కాదు. రేషన్ డిపోలో సరుకుల పట్టీ వేరు, గిడ్డంగిలోని బస్తాలు వేరు అయినట్టే, సర్వర్‌లో కూడా డిస్ట్స్ అనే డైరెక్టరీలో పేర్ల పట్టీ, పూల్ అనే డైరెక్టరీలో అసలు ప్యాకేజీలు ఉంటాయి. దోషం పట్టీలో ఉందా, సరుకులో ఉందా అన్నది తేల్చుకోకుండా మళ్లీ మళ్లీ దింపితే బస్సు ఛార్జీలే మిగులుతాయి.

వీఎల్‌సీది పట్టీలోని దోషం. ఉబుంటులో వీఎల్‌సీ ఉండేది మెయిన్ విభాగంలో కాదు, యూనివర్స్ విభాగంలో. టెక్కలిలో ఏమేం దింపాలో ఆప్ట్-మిర్రర్‌కు చెప్పే మిర్రర్ డాట్ లిస్ట్ ఫైలులో వరుస చివర మెయిన్, రిస్ట్రిక్టెడ్ అని మాత్రమే రాసి ఉంటే యూనివర్స్ పట్టీ అసలు మీ డిస్క్‌లోకి రాదు. అక్కడ ఆ మాట చేర్చడంతో పని పూర్తికాదు. ఊళ్లోని ప్రతి కంప్యూటర్‌లో ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైలులో కూడా చేర్చి, పట్టీని కొత్తగా తెచ్చుకునే అప్‌డేట్ కమాండ్ ఇవ్వాలి. మెయిన్ కంటే యూనివర్స్ చాలా పెద్దది కాబట్టి డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో ముందే చూసుకొని బయలుదేరండి.

404 వచ్చిందంటే పేరు పట్టీలో ఉన్నదనీ, సర్వర్ దగ్గర ఆ ఫైలు లేదనీ అర్థం. మీరు కొత్త డిస్క్ తగిలించిన తరువాత ఆ కంప్యూటర్‌లో అప్‌డేట్ ఇవ్వకపోతే, అది పాత పట్టీ పట్టుకొని తీసేసిన పాత వెర్షన్ ఫైలునే అడుగుతూ ఉంటుంది. ముందు అప్‌డేట్ ఇచ్చి చూడండి. అప్పటికీ 404 వస్తే టెక్కలిలో దింపుకోవడమే అసంపూర్ణంగా జరిగిందన్నమాట. మధ్యలో నెట్ పోయి కొన్ని ఫైళ్లు రాకపోయినా ఆప్ట్-మిర్రర్ అభ్యంతరం చెప్పకుండా కొత్త పట్టీని యథాస్థానంలో పెట్టి పని ముగిస్తుంది. అందుకే అక్కడే దాన్ని రెండోసారి నడిపించి, దింపవలసినది ఏమీ మిగలలేదని చూసుకున్నాకే, డిస్క్‌ను పద్ధతిగా అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడిపించి) తీయండి. తొందరలో లాగేస్తే చివరగా రాసిన ఫైళ్లు పేరుతో ఉంటాయి గానీ వాటి సైజు సున్నా అవుతుంది. అప్పుడు 404 బదులు హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ (ఫైలు పట్టీతో సరిపోలలేదు) వంటి తప్పు కనబడి మిమ్మల్ని మరో దారి పట్టిస్తుంది.

ఫైలు నిజంగా ఉందో లేదో కళ్లతో వెతికేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. వీఎల్‌సీకి కావలసిన లిబ్‌వీఎల్‌సీ5 కోసం పూల్‌లో ఎల్ అక్షరం కింద వెతికి, లేదని బెంగపడతారు. పూల్‌లోని డైరెక్టరీలకు పేరు పెట్టేది ప్యాకేజీని బట్టి కాదు, దాన్ని తయారుచేసిన సోర్స్ (మూల కోడ్) పేరును బట్టి. లిబ్‌వీఎల్‌సీ5 యూనివర్స్‌లో వీ అక్షరం కింద వీఎల్‌సీ డైరెక్టరీలో ఉంటుంది, ప్రోగ్రాములన్నిటికీ ఆధారమైన సీ లైబ్రరీ లిబ్‌సీ6 అయితే మెయిన్‌లో జీ అక్షరం కింద గ్లిబ్‌సీలో ఉంటుంది. కాబట్టి చేత్తో వెతకడం మాని, డిస్ట్స్‌లోని పట్టీ అయిన ప్యాకేజెస్ ఫైలులో ఫైల్‌నేమ్ అని మొదలయ్యే వరుసలన్నీ తీసి, ఒక్కొక్క ఫైలు డిస్క్‌లో ఉందో లేదో సరిచూసే నాలుగు వరుసల షెల్ స్క్రిప్ట్ రాసుకోండి. అది టెక్కలి వదలక ముందే నడవాలి.

ఫైర్‌ఫాక్స్‌ది అన్నిటికంటే చిక్కు వ్యవహారం, ఎందుకంటే మీ సర్వర్‌లో లోపం ఏమీ లేకపోయినా అది ఎక్కదు. 22.04లో ఫైర్‌ఫాక్స్ పేరుతో ఉన్న డెబ్ (ఉబుంటు మామూలు రకం) ప్యాకేజీలో బ్రౌజర్ లేదు. అది స్నాప్ అనే మరో రకం ప్యాకేజీల ఆన్‌లైన్ స్టోర్‌కు వెళ్లి అసలు బ్రౌజర్‌ను తెచ్చే చిన్న తోలుబొమ్మ మాత్రమే. స్టోర్ అందకపోతే అరగంట సేపు నిమిషానికొకసారి ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. మీరు ఆగిపోయిందనుకున్నది అదే. నెట్ లేని చోట వాడతారన్న ఆలోచన ఈ ఏర్పాటులో లేదని నా అభిప్రాయం. టెక్కలిలో స్నాప్ డౌన్‌లోడ్ కమాండ్‌తో ఫైర్‌ఫాక్స్‌నూ, అది ఆధారపడే ఇతర స్నాప్‌లనూ దింపితే ఒక్కొక్కదానికి రెండేసి ఫైళ్లు వస్తాయి. వాటిలో స్నాప్ అసలైనదని ధ్రువీకరించే అసర్ట్ ఫైలును ఇక్కడ ముందు స్నాప్ యాక్ కమాండ్‌తో నమోదు చేసి, ఆపై స్నాప్‌ను ఇన్‌స్టాల్ చేయాలి. పద్నాలుగు కంప్యూటర్లకు అది శ్రమ అనుకుంటే, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సంస్థ 2024 జనవరి నుంచి మామూలు ఫైర్‌ఫాక్స్‌ను అందిస్తున్న సొంత డెబ్ భాండాగారాన్ని మీ మిర్రర్ డాట్ లిస్ట్‌లో చేర్చుకోండి. అయితే ఉబుంటు వారి బొమ్మ ప్యాకేజీ వెర్షన్ అంకె పెద్దదిగా కనబడేలా పెట్టారు కాబట్టి, మొజిల్లా ప్యాకేజీకి ప్రాధాన్యం ఇచ్చే పిన్ ఫైలు రాయకపోతే మళ్లీ బొమ్మే వచ్చి కూర్చుంటుంది.

ఇక ఫాంట్. మంగేయ్ గొమాంగో 1936లో రూపొందించిన సోరా సొంపెంగ్ లిపికి కంప్యూటర్లలో లిపుల ప్రమాణమైన యూనికోడ్‌లో 2012లో చోటు దక్కింది. గిడుగువారు సవర నేర్చుకున్న ఊరికి దగ్గరివారు కనుక ఆ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఫాంట్ మీరు వెతికిన పేరుతో విడి ప్యాకేజీగా లేదు. ఎన్నో లిపుల ఫాంట్‌లతో కలిసి ఫాంట్స్-నోటో-కోర్ అనే ప్యాకేజీలో ఉంది.

ప్రశ్న: గడ్చిరోలి జిల్లా సిరొంచలో మా తమ్ముడి శిక్షణ కేంద్రంలో కూడా ఇలాంటి సర్వరే ఉంది. ప్రోగ్రాములు తయారుచేసే పరికరాల ప్యాకేజీ బిల్డ్-ఎసెన్షియల్ అన్ని కంప్యూటర్లలో ఎక్కింది గానీ, ఒక్కదానిలో మాత్రం లిబ్‌సీ6-డెవ్ దగ్గర డిపెండెన్సీ (దానికి కావలసిన మరో ప్యాకేజీ) కుదరలేదంటుంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ కంప్యూటర్‌ను ఎవరో ఎప్పుడో మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి అప్‌డేట్ చేసి ఉంటారమ్మా. లిబ్‌సీ6-డెవ్‌కు సరిగ్గా అదే వెర్షన్ లిబ్‌సీ6 కావాలి, కొంచెం కొత్తదైనా ఒప్పుకోదు. హాట్‌స్పాట్‌తో లిబ్‌సీ6 ముందుకు వెళ్లిపోయింది, సర్వర్‌లోని డెవ్ ప్యాకేజీ వెనుక ఉండిపోయింది. లిబ్‌సీ6ను వెనక్కి దింపే సాహసం చేయవద్దని మీ తమ్ముడికి చెప్పండి. మిర్రర్‌లో జామీ (22.04కు మరో పేరు)తోపాటు జామీ-అప్‌డేట్స్, జామీ-సెక్యూరిటీ రెండూ ఉన్నాయో లేదో చూసి, తాజాగా దింపి తెస్తే సమస్య తీరుతుంది. అలా తెచ్చాక ఏదైనా పాత కంప్యూటర్‌లో పట్టీ తేదీ చెప్పే రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని వస్తే మాత్రం సర్వర్‌ను అనుమానించకుండా ఆ కంప్యూటర్ తేదీ చూడమనండి. మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది.