ఆ సొరంగం గోడ మీద మా నాన్న చూపించిన గాడి

"అమెరికాలో రైలు మార్గం వేసిన చైనా కూలీలు నోరెత్తకుండా అంత కష్టం ఎలా భరించారు?" అని ఒకరు అడిగారు. నోరెత్తలేదని ఎవరు చెప్పారండీ?

నేను కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉంటాను. ఇక్కణ్ణుంచి తూర్పుకి గంటన్నర కొండెక్కితే డోనర్ కనుమ. సుమారు 7,000 అడుగుల ఎత్తు. 1860లలో సెంట్రల్ పసిఫిక్ అనే రైలు కంపెనీ ఆ చైనా కూలీలతో వేయించిన లైను అక్కడి కొండల్ని తొలుచుకుంటూ పోయింది. 1993లో ఆ దారిన రైళ్ళు ఆపేసి తర్వాత పట్టాలు తీసేశారు, సొరంగం మిగిలింది. మూడేళ్ళ కిందట నాన్న ఊరి నుంచి వస్తే చూపించడానికి తీసుకెళ్ళాను. ఆయన చిన్నప్పుడు మా తాతతో పాటు క్వారీలో బండలు కొట్టిన మనిషి.

ఆగస్టు ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఒళ్ళు జివ్వుమంది. పైనుంచి నీటి చుక్కలు, గోడల నిండా ఎవరో రంగులతో గీసిన పిచ్చి రాతలు (వాటిని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది). నాన్న ఫోన్ లైటు వేసి గోడ తడుముతూ వెళ్ళి ఒకచోట ఆగిపోయారు. "ఇటు రా" అని నా వేలు పట్టుకుని రాతిలో ఒక గాడిలో పెట్టారు. నిలువునా చీల్చిన గొట్టంలో సగంలా ఉంది. "చేత్తో వేసిన బెజ్జంరా ఇది. ఒకడు కడ్డీ పట్టుకోవాలి, ఇద్దరు సమ్మెటలతో కొట్టాలి, దెబ్బ దెబ్బకీ కడ్డీ కాస్త తిప్పుతుండాలి. మందు కూరి పేలిస్తే బండ ఊడిపోయి, సగం బెజ్జం ఇలా గోడకి ఉండిపోద్ది" అన్నారు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ సొరంగం 1,659 అడుగులు. అంతా గ్రానైటే. రోజంతా కొడితే ఒక్కో వైపు ఇంచుమించు అడుగు కదిలేది. రెండు కొసల నుంచీ సరిపోక, నడిమధ్యలో బావిలా దింపి అక్కణ్ణుంచి కూడా అటూ ఇటూ తొలిచారు. 1866-67 చలికాలంలో మంచు చరియలు విరిగిపడి పోయినవాళ్ళలో కొందరి శవాలు ఎండలు వచ్చి మంచు కరిగాకే బయటపడ్డాయి.

ఇక నోరెత్తడం సంగతి. 1867 జూన్‌లో వేల మంది ఒకేసారి పని ఆపేశారు. నెలకు 40 డాలర్లు ఇవ్వాలి, పని గంటలు తగ్గించాలి అన్నారు. తెల్లవాళ్ళకి జీతంతో పాటు తిండీ బసా కంపెనీదే, వీళ్ళు మాత్రం బియ్యం దగ్గర్నుంచి ఎండుచేపల దాకా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. గొడవ లేదు, కొట్లాట లేదు, ఎవరి గుడారంలో వాళ్ళు కూర్చున్నారు. పనులు చూసే చార్లెస్ క్రాకర్ ఏం చేశాడు? కొండ మీదికి తిండి సరుకులు రాకుండా ఆపించాడు. వారంలో సమ్మె ముగిసింది. ఆకలితో లొంగదీశారు, అంతే. దీన్ని ఓర్పు అంటే నేను ఒప్పుకోను.

పేర్ల సంగతి ఇంకా బాధ. జీతాల పుస్తకాల్లో ముఠా మేస్త్రి పేరే రాసేవారు, కింద ఉన్నవాళ్ళు ఒట్టి లెక్క. 1869 మే 10న యూటాలో తూర్పు నుంచి ఒకటి, పడమర నుంచి ఒకటి వేసుకొచ్చిన రెండు లైన్లు కలిసినప్పుడు తీసిన ఆ ప్రసిద్ధమైన ఫోటోలో వాళ్ళని వెతుక్కోవాల్సిందే. పదమూడేళ్ళు తిరక్కుండానే, 1882లో, చైనా కార్మికులు దేశంలోకి రాకూడదని చట్టమే చేశారు. అది 1943 దాకా ఉంది.

ఇక్కడి మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో "వాళ్ళు కూలీలుగా వచ్చారు, మనం చదువుకుని వచ్చాం" అని రాసేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదని ఓడలోనే ఆపేశారు. అతను కోర్టుకెక్కాడు. ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. మా అమ్మాయి ఇక్కడ పుట్టినప్పుడు మా ఇద్దరిదీ వీసా బతుకే, ఎప్పుడు వెళ్ళిపొమ్మంటారోనని రోజూ టెన్షనే. దాని అమెరికా పాస్‌పోర్టు మాత్రం ఆరు వారాల్లో ఇంటికొచ్చింది.