ఐజీఐ 1 అభిమానికి ఐజీఐ 2 నచ్చుతుందా?

మీ ప్రశ్న ఇది: "ప్రాజెక్ట్ ఐజీఐ అంటే నాకు ప్రాణం. రెండో భాగమైన ఐజీఐ 2: కోవర్ట్ స్ట్రైక్ గురించి మాత్రం సగం మంది మొదటిదానికంటే ఎంతో మెరుగంటారు, సగం మంది అంతా పాడు చేశారంటారు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆడడం దండగా?"

దండగ కాదు, తప్పకుండా ఆడండి. తెలియనివారి కోసం ఒక మాట: ఇవి శత్రు స్థావరాల్లోకి ఒంటరిగా, దొంగచాటుగా చొరబడి అప్పగించిన పనులు (మిషన్లు) పూర్తిచేసే గూఢచారి కంప్యూటర్ ఆటలు. నా దృష్టిలో ఐజీఐ 2 మంచి ఆట, మొదటిదాన్ని ప్రేమించినవారికి కోపం తెప్పించే మంచి ఆట. ఆ కోపం ఎక్కడ మొదలైందని తరచి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒక్క చోటికే చేరతాం: మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు, అంటే చచ్చినా మొదటి నుంచి కాకుండా దాచుకున్న చోటి నుంచే మళ్లీ ఆడే వీలు.

ఈ రెండు ఆటలనూ నేను ఆడినదానికంటే ఇతరులు ఆడుతుంటే చూసిందే ఎక్కువ. తిరుపతి బాలాజీ కాలనీలో మా మేనమామ నెట్ సెంటర్ నడిపేవారు. బడి అయ్యాక నేను కౌంటర్ దగ్గర కూర్చుని ఎవరు ఎన్ని గంటలకు వచ్చారో నోటు పుస్తకంలో రాసేదాన్ని. ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్లు దగ్గరే కాబట్టి విద్యార్థులే ఎక్కువగా వచ్చేవారు. మెయిల్ చూసుకోవడానికో, పరీక్ష ఫలితాల కోసమో వచ్చినవారు కూడా పని త్వరగా ముగిస్తే మిగిలిన సమయానికి ఐజీఐ తెరిచేవారు. గంటకు డబ్బు కట్టారు కదా, ఒక్క నిమిషం కూడా వదులుకునేవారు కాదు.

మొదటి ఆట 2000 చివర్లో వచ్చింది. అందులో 14 మిషన్లు. ఏ మిషన్‌లోనూ మధ్యలో సేవ్ లేదు. మొదలుపెట్టాక ముగించాలి, లేదా చచ్చి మళ్లీ మొదటి నుంచి రావాలి. మనం నడిపించే గూఢచారి డేవిడ్ జోన్స్ కొండ మీద నిలబడి బైనాక్యులర్స్‌తో శత్రు స్థావరాన్ని చూస్తున్నప్పుడు ఆడేవారికి ఏ తొందరా ఉండదు. గాయపడి, ప్రాణం సన్నటి గీతలా మిగిలి, పని పూర్తిచేసి తిరిగి బయటపడాల్సిన చోటికి నడుస్తున్నప్పుడు మాత్రం అంచుదాకా పాలు నిండిన గిన్నెను మోసుకెళ్తున్నంత జాగ్రత్త వచ్చేస్తుంది. మలుపు దగ్గర ఆగుతారు. శాటిలైట్ మ్యాప్ తెరిచి సైనికులు ఎటు తిరుగుతున్నారో చూస్తారు. మ్యాప్ చూస్తున్నంతసేపూ ఆట ఆగదు, అదొక భయం. వాచ్ టవర్ నిచ్చెన ఎక్కేటప్పుడు తెర మీద జోన్స్ వెనకనుంచి కనిపిస్తాడు, ఆ కాసేపూ కాల్చడం కుదరదు. సరిగ్గా అప్పుడే మా సెంటర్‌లో పక్క కంప్యూటర్ల వాళ్లు కూడా తమ పని మానేసి కుర్చీల వెనక చేరేవారు. "కెమెరా ఉంది, ఆగన్నా" అని ఒకరు, "ముందు అలారం దగ్గరివాణ్ని చూసుకో" అని ఇంకొకరు. మిషన్ పూర్తయితే గది మొత్తం కేక పెట్టేది. చివరి నిమిషంలో కరెంటు పోతే కలిగిన బాధ మాటల్లో చెప్పలేను.

పూర్తయిన మిషన్ల వివరం ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయేది. ఎవరో చివరిదాకా ఆడి అన్ని మిషన్లూ తెరిచి పెట్టిన కంప్యూటర్ ఒకటి మూలన ఉండేది. దాని కోసం ఎదురుచూసేవారు, మిగతావి ఖాళీగా ఉన్నా సరే.

2003లో ఐజీఐ 2 వచ్చింది. తయారుచేసినవారు అదే నార్వే స్టూడియో, ఇన్నర్‌లూప్. ప్రచురణకర్త మాత్రం ఐడాస్ నుంచి కోడ్‌మాస్టర్స్‌కు మారింది. 19 మిషన్లు. రష్యాలో మొదలై లిబియా మీదుగా చైనాకు వెళ్లే కథ. వేడిని పసిగట్టి మనుషులను చూపించే థర్మల్ పరికరం, సైలెన్సర్ బిగించిన కొత్త తుపాకులు, మొదటి ఆటలో లేని మల్టీప్లేయర్ (పలువురు వేర్వేరు కంప్యూటర్ల నుంచి ఒకేసారి కలిసి ఆడే పద్ధతి). వీటన్నిటితో పాటు ఒక్కో మిషన్‌లో కొన్నిసార్లు సేవ్ చేసుకునే అవకాశం.

మా సెంటర్‌లో దాన్ని మొదట తిట్టినవారు మొదటి ఆటలో ఆరితేరినవారే. వారి వాదన సూటిగా ఉండేది: తప్పు చేస్తే పోయేదేమీ లేనప్పుడు దొంగచాటుగా ఎందుకు నడవాలి? సేవ్ చేసి, తలుపు తీసి, లోపల ఎంతమంది ఉన్నారో చూసి, చచ్చి, వెనక్కి వెళ్లి, ఈసారి తెలిసిన సమాధానంతో వస్తే అది గూఢచర్యం ఎలా అవుతుంది? ఈ వాదనలో బలం ఉంది. నేను దీనితో చాలావరకు ఏకీభవిస్తాను. దొంగచాటు ఆటలో ఉత్కంఠ శత్రువు తెలివి నుంచి పుట్టదు, మనం పోగొట్టుకోబోయేది ఎంత అన్నదాని నుంచి పుడుతుంది.

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవారి మాట వేరు. మా పిన్ని కొడుకు చిత్తూరులో ఇంట్లోనే ఆడేవాడు. వెనక నిలబడి కెమెరా ఉందని హెచ్చరించేవారు అతనికి ఎవరూ లేరు. మొదటి ఆటలో ఒకే మిషన్‌ను రోజుల తరబడి ఒంటరిగా మళ్లీ మళ్లీ మొదలుపెట్టి, విసిగి వదిలేశాడు. ఐజీఐ 2ను మాత్రం చివరిదాకా ఆడాడు, ఇప్పటికీ అదే గొప్పదంటాడు. సేవ్‌లు పరిమితం కాబట్టి ఏది ఎక్కడ ఖర్చుపెట్టాలని ఆలోచించడమే అతనికి ఆటలో సగం ఆనందం. ఈ మాట కూడా నిజమే. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, ఈ రెండు వర్గాలను విడదీసింది ఆట కంటే అది ఆడిన గది. గుంపులో ఆడినవారికి ఓటమిలో కూడా తోడు ఉండేది. ఒంటరిగా ఆడినవారికి సేవ్ ఒక్కటే తోడు.

మొదటి ఆటను ఆకాశానికెత్తేవారు ఒక సంగతిని మరిచిపోతారు, దాన్ని మీ ముందు ఉంచాలి. అలారం మోగితే బ్యారక్స్ (సైనికులు ఉండే గదులు) తలుపుల్లోంచి సైనికులు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. ఆ తలుపు పక్కన నిలబడి వచ్చినవాణ్ని వచ్చినట్టు కాల్చేయడం మా సెంటర్‌లో అందరికీ తెలిసిన ఉపాయం. శత్రువుల తెలివితక్కువతనం అప్పుడే బయటపడింది. 2000లో వచ్చిన సమీక్షలు కూడా ఆ సంగతినీ, సేవ్ లేకపోవడాన్నీ, మల్టీప్లేయర్ లేకపోవడాన్నీ తప్పుపట్టాయి. అంటే ఐజీఐ 2లో వచ్చిన మార్పులు ఎవరో ఆటను పాడుచేయాలని తెచ్చినవి కావు, ఆడినవారు అడిగినవే. అడిగింది దొరికాక ఏం పోయిందో అర్థమైంది, అంతే.

ఐజీఐ 2 అసలు లోపాలు నా ఉద్దేశంలో వేరే ఉన్నాయి. కథ దేశం నుంచి దేశానికి దూకుతుంది కానీ మనసుకు పట్టదు. చైనా జనరల్ వూ జింగ్ ఎంత పెద్ద ముప్పు తెచ్చినా, మొదటి ఆటలో ఎక్క్ అనే స్త్రీ వెంట పడినప్పటి కసి రాదు. కొన్ని మిషన్లలో ఎంత నక్కి నడిచినా చివరకు బాహాటంగా కాల్పులకు దిగక తప్పదు. అది నన్ను నిజంగా నిరాశపరిచింది. పైగా అప్పటికే, 2002 చివరికల్లా, స్ప్లింటర్ సెల్ అనే మరో గూఢచారి ఆట వెలుగునీడలతో దాక్కోవడం ఎలా ఉండాలో చూపించేసింది. దాన్ని చూసిన విదేశీ ఆటగాళ్లకు ఐజీఐ 2 పాతబడినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని మా సెంటర్ కంప్యూటర్లలో స్ప్లింటర్ సెల్ అసలు తెరుచుకోలేదు, కాబట్టి మాకు ఆ పోలికే రాలేదు.

రెండు ఆటల్లోనూ ఇప్పటికీ వన్నె తగ్గనిది నేల. ఇన్నర్‌లూప్ అంతకుముందు 1997లో జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అనే యుద్ధవిమానాల ఆట చేసింది. ఐజీఐ ఆ ఇంజిన్ (ఆటను నడిపే మూల సాఫ్ట్‌వేర్) మీదే నిలబడింది. ఆకాశం నుంచి చూడడానికి తయారైన కొండలూ మైదానాలూ కాబట్టి, కాలినడకన దిగినప్పుడు కూడా అవి ఎక్కడా గోడలా అడ్డుపడవు. ఆ కాలంలో చాలా తుపాకీ ఆటలు గదుల్లో, సొరంగాల్లో మనల్ని నడిపిస్తుంటే, ఇక్కడ దూరంగా వెలుగుతున్న స్థావరాన్ని చూసి ఏ వైపు నుంచి దిగాలో మనమే తేల్చుకుంటాం. ఐజీఐ 2లో నీస్టర్ నది వంతెన మిషన్‌కు వచ్చినప్పుడు తొందరపడకండి. ముందు చుట్టుపక్కల నేలను చూడండి.

ఇక ఎలా ఆడాలంటే: మొదటి ఆట అలవాటు మీకు బాగా ఉంది కాబట్టి, ఒక్కో మిషన్‌కు ఒక్క సేవ్ మాత్రమే వాడుకుంటానని ముందే నియమం పెట్టుకోండి, అది కూడా మిషన్ లక్ష్యాల్లో ఒకటి పూర్తయ్యాకే. కాల్పుల మధ్యలో ఎప్పుడూ సేవ్ చేయకండి. ఇలా ఆడితే మీరు వెతుకుతున్న పాత భయం చాలావరకు తిరిగి వస్తుంది, కొత్త పరికరాల విలువ కూడా తెలుస్తుంది. రష్యా మిషన్లలో నచ్చలేదని వదిలేయకండి, లిబియా దాకా వెళ్లి నిర్ణయించుకోండి.

మల్టీప్లేయర్‌ను మాత్రం అస్సలు వదలకండి. ఎవరూ సరిగా పట్టించుకోని గొప్ప భాగం అదే. ఒకవైపు ఐజీఐ జట్టు, మరోవైపు కుట్రదారులు. లక్ష్యాలు సాధించి, డబ్బు సంపాదించి, దానితో ఆయుధాలు కొనాలి. కౌంటర్ స్ట్రైక్ అనే జట్ల తుపాకీ ఆటలో ఇరుకు సందుల్లో జరిగేది ఇక్కడ విశాలమైన కొండల మధ్య జరుగుతుంది. మా సెంటర్‌లో రాత్రి షట్టర్ సగం దించాక ఫారెస్ట్‌రెయిడ్ మ్యాప్‌లో జరిగిన ఆటలంత ఉత్సాహం నేను మరే ఆటలోనూ చూడలేదు. మీకు పాత స్నేహితులు ఒకరిద్దరు దగ్గరలో ఉంటే ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోమనండి, ఒకే గదిలో కూర్చుని లాన్‌లో (కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపే నెట్‌వర్క్‌లో) కలిపి ఆడండి. మిషన్ల కంటే ముందు దానితోనే మొదలుపెట్టినా తప్పులేదు.