పక్కింటాయన ‘స్టే ఉంది’ అంటున్నాడు, నేనేం చేయాలి?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక మున్సిపల్ పట్టణం. పక్క ప్లాటాయన ఇంటికని పర్మిషన్ తీసుకుని కింద మూడు షట్టర్లు పెట్టాడు. ఇప్పుడు మా గోడకు ఆనించి రెండో అంతస్తుకు సెంట్రింగ్ కొడుతున్నాడు. ఫిర్యాదు చేస్తే మున్సిపాలిటీ వాళ్లు నోటీసు అంటించి వెళ్లారు. పని ఆగలేదు. అడిగితే ‘కోర్టు స్టే ఉంది, అయినా నీకేం సంబంధం’ అంటున్నాడు.

జవాబు: సంబంధం ఉందండి. సుప్రీంకోర్టు 1974లోనే ఈ సంగతి తేల్చింది. ఉడిపిలో కల్యాణ మండపానికని పర్మిషన్ తీసుకుని, దాన్నే సినిమా హాలుగా మార్చబోతే అక్కడ ఉండే ఒకాయన కోర్టుకెక్కాడు. నివాస ప్రాంతానికి ప్లాన్ ఉన్నప్పుడు దాన్ని అమలు చేయించుకునే హక్కు అక్కడివాళ్లకు ఉందని కోర్టు ఆయన పక్షానే చెప్పింది.

ఇక స్టే. ముందు ఆ కాగితం చూడండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆయన పేరు మీద వెతికితే కేసు దొరకొచ్చు. ఇలాంటివాటిలో తరచూ ఉండేది ‘స్టేటస్‌కో’. అంటే మున్సిపాలిటీ కూల్చకూడదు, ఆయన కూడా ఒక్క ఇటుక పేర్చకూడదు. కూల్చొద్దని మాత్రమే రాసి ఉన్నా, కట్టుకోమని కాదు. మున్సిపాలిటీ ఒక్కదాన్నే ప్రతివాదిగా పెట్టి ఉంటే, సీపీసీ (సివిల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 1 రూల్ 10 కింద మిమ్మల్నీ చేర్చమని పిటిషన్ వేయండి. లేకపోతే మీ మాట చెప్పేవాళ్లే ఉండరు.

ఈలోగా 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టి శాంక్షన్ ప్లాన్, నోటీసు కాపీలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. మీ వైపు ఎంత సెట్‌బ్యాక్ (ఖాళీ జాగా) వదలాలో ప్లాన్‌లో మీటర్లలో ఉంటుంది. టేపు పట్టి, అంకె కనబడేలా ఫొటో తీయండి. శ్లాబ్ పడకముందే తీయాలి.

నోటీసిచ్చి ఊరుకున్నారు కాబట్టి, చర్య తీసుకునేలా ఆదేశించమని ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఫిర్యాదు మీద ఆఫీసు ముద్ర ఉన్న కాపీ తప్పనిసరి. మీరట్‌లో ఇళ్ల ప్లాటులో దుకాణాలు కట్టిన కేసులో 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, ఖర్చు పెట్టేశామనో, ఏళ్లు గడిచాయనో అక్రమ కట్టడం సక్రమమైపోదని చెప్పింది. అలాగని రేపే బుల్‌డోజర్ రాదు. కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని అదే ఏడాది నవంబరులో ఆ కోర్టే అంది.

‘బీఆర్‌ఎస్ (ఫీజు కట్టించుకుని అక్రమ కట్టడాన్ని క్రమబద్ధం చేసే స్కీమ్) కడతాను’ అంటే నమ్మకండి. 2015 నాటి ఆ స్కీమ్ 28.10.2015 లోపు కట్టినవాటికే.

ఒక్క మాట. వకీలు దగ్గరికి వెళ్లేముందు మీ ఇంటి ప్లాన్ కూడా బయటికి తీయండి. మీరు ఆ వైపు ఎంత వదిలారన్నదే పక్కింటాయన కోర్టులో వేసే కౌంటర్ (జవాబు)లో మొదటి పాయింటు అవుతుంది.